ముందు అగ్ని, పిదప హవిస్సు – బాలారోగ్యము, గృహస్థధర్మము

(రథసప్తమి నాడు ఆలయ మండపమున చేసిన ప్రసంగపాఠము)





నేడు మాఘ శుద్ధ సప్తమి. తెల్లవారుజామునే తలమీద జిల్లేడాకులు, రేగుపండ్లు ఉంచుకొని స్నానము చేసి వచ్చినారు. ఆలయప్రాంగణమున పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నము వండి, చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో సూర్యనారాయణమూర్తికి నివేదన చేసినాము. ఆ ప్రసాదమే ఇందాక అందరికి అందినది. అప్పుడొక చిన్నవాడు మా వద్దకు వచ్చి, "తాతగారూ, ఇంత కొంచెమేనా?" అని అడిగినాడు. చుట్టునున్నవారు నవ్వినారు. మేమును నవ్వినాము. కాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. చిక్కుడాకు ఎంత? పిల్లవాని అరచేయి అంత. అందులో పట్టునది ఒక చెంచాడు పరమాన్నము. సమస్తలోకములకు వెలుగునిచ్చు దేవునికి చెంచాడు చాలినది. మనకు మాత్రము గిన్నెడు కావలసివచ్చినది. ఇది ఎట్లు జరిగినది?

ఆరోగ్యమును సూర్యుని వలన అర్థింపవలెనని పెద్దల మాట. కావున ఈ పండుగ నాడు మన ఇండ్లలోని పిల్లల తిండిని గూర్చి, ఆటను గూర్చి చెప్పదలచినాము. ఆత్మవిచారము చేయవలసిన పండితుడు వంటింటి మాటలు చెప్పుచున్నాడేమి అని ఎవరైనను అనుకొన్నచో, వారికి ఉపనిషత్తే సమాధానము చెప్పుచున్నది.

అన్నము మొదటి మెట్టు

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి మీరెరిగినదే. భృగువు తండ్రియైన వరుణుని చేరి బ్రహ్మమును బోధింపుమని కోరినాడు. తండ్రి తపస్సు చేసి తెలిసికొమ్మన్నాడు. తపస్సు చేసిన భృగువునకు మొదట తెలిసినది అన్నమే బ్రహ్మమని. అటుపిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము అను మెట్లు ఎక్కినాడు. గమనింపుడు: మొదటి మెట్టును విడిచి రెండవదానిపై కాలు పెట్టలేదు. అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, సమృద్ధి చేయవలెను, ఇంటికి వచ్చినవానిని పొమ్మనరాదు అను వ్రతములను ఆ వల్లియే విధించినది. అన్నమయకోశమును పాడుచేసికొని ఆనందమయకోశమును అందుకొందుమనుట పునాది లేని గోపురమును కట్టుట వంటిది.

ఛాందోగ్యములో ఇంకొక కథ. ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రమే త్రాగుమన్నాడు. పదునారవ దినమున వేదమును చెప్పుమనగా, అంత చదివిన శ్వేతకేతువునకు ఒక్క మంత్రమును స్ఫురింపలేదు. పెద్దమంట చల్లారి మిణుగురుపురుగంత నిప్పుకణము మిగిలినట్లు నీ శక్తి మిగిలినదని తండ్రి చెప్పినాడు. భుజించి రమ్మన్నాడు. భుజించి వచ్చిన పిదప అడిగినవన్నియు గుర్తునకు వచ్చినవి. ఆ కణము మీద గడ్డి వేయగా మరల మంట లేచినట్లాయెను. "మా వానికి మార్కులు రావలెను, జ్ఞాపకశక్తి పెరుగుటకు మంత్రము చెప్పుడు" అని మా వద్దకు వచ్చు తల్లిదండ్రులకు మేము మొదట ఈ కథనే చెప్పుదుము. ఉదయము ఏమియు తినకుండ, బస్సు వచ్చినదని రెండు బిస్కట్లు నోట వేసికొని పరుగెత్తు పిల్లవాడు తరగతిలో ఆ మిణుగురు నిప్పుతోనే కూర్చుండును.

భోజనము హోమము

మనము అన్నమునకు పరిషేచనము చేసి, ఐదు ప్రాణములకు ఐదు ఆహుతులిచ్చి భుజింతుము. ఎందుకు? కడుపులో నున్నది అగ్నిహోత్రము గనుక. ప్రాణుల దేహములలో వైశ్వానరుడనై యుండి నాలుగు విధముల అన్నమును తానే పచనము చేయుచున్నానని గీతలో పదునైదవ అధ్యాయమున భగవానుడు చెప్పినాడు. కావున భోజనము హోమము, ముద్ద హవిస్సు, తినువాడు యజమానుడు.

ఇప్పుడు ఆలోచింపుడు. హోమగుండము ముందు కూర్చున్న ఋత్విక్కు ఒకచేత స్రువమును, మరియొకచేత సెల్‌ఫోనును పట్టుకొని, బొమ్మలు చూచుచు నేతిని గుండములోనో, నేలమీదనో పోయుచున్నచో మీరేమందురు? మన ఇండ్లలో నిత్యము జరుగుచున్నది అదియే. పసిబిడ్డ ముందు ఫోను నిలబెట్టి, బిడ్డ దానిని చూచుచు నోరు తెరచినప్పుడెల్ల ముద్ద పెట్టుచున్నాము. బిడ్డ తినినది పప్పో, పచ్చడో వానికి తెలియదు. కడుపు నిండినదని లోపలి అగ్ని చెప్పు మాట వాని చెవిని పడదు. ఈ అలవాటుతో పెరిగినవాడు పదేండ్లకు టెలివిజను ముందు చిప్సు పొట్లము విప్పి, అడుగు తగిలినదాక తిననేమి చేయును? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో, ఏడాది నిండని బిడ్డకు తెర చూపనే వలదని, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంట మించరాదని సూచించినది. అంతకన్న తక్కువైన మరియు మంచిదని ఆ సంస్థయే చెప్పినది.

హోమములో ఇంకొక నియమము కలదు. ముందు అగ్ని ప్రజ్వరిల్లవలెను, పిదప హవిస్సు వేయవలెను. బూడిద మీద నేయి పోసినచో పొగయే గాని జ్వాల లేదు. జఠరాగ్నికి విసనకఱ్ఱ ఏది? కాళ్లు, చేతులు కదలుటయే. ఆటయే, నడకయే, పనియే. ఆడి, అలసి, ఆకలితో వచ్చిన పిల్లవానికి గోంగూరపచ్చడి, మజ్జిగ అన్నము అమృతము. కూర్చున్న చోటినుండి లేవని పిల్లవానికి ఏది పెట్టినను రుచింపదు. అందుచేత ఉప్పు, కారము, నూనె, చక్కెర ఎక్కువైనవి కావలసివచ్చును. తిండి పాడైనదని మనము బాధపడుచున్నాము, కాని అంతకు ముందే ఆకలి పాడైనది.

మన వైద్యశాస్త్రములు ఈ మాటను స్పష్టముగా చెప్పినవి. వ్యాయామమువలన దేహమునకు లాఘవము, పనిచేయు శక్తి, అగ్నిదీప్తి కలుగునని, కొవ్వు తగ్గునని వాగ్భటుడు అష్టాంగహృదయములో చెప్పినాడు. అయితే శక్తిలో సగము వరకే చేయుమన్నాడు. కడుపును నాలుగు భాగములు చేసి, రెండు భాగములు అన్నమునకు, ఒకటి ద్రవమునకు ఇచ్చి, ఒక భాగము ఖాళీగా విడువుమన్నాడు. కూర్చుండుటలో సుఖము, నిద్రలో సుఖము, పెరుగు, కొత్తధాన్యము, బెల్లపు వంటకములు మితిమీరుట ప్రమేహమునకు కారణములని చరకుడు చెప్పినాడు. సుశ్రుతుడు ఆ వ్యాధికి చెప్పిన చికిత్సలలో నూరు యోజనములు నడచుట, నూయి త్రవ్వుట కూడ ఉన్నవి. మందుల సంగతి వైద్యులు చెప్పవలసినది. వారి మందును మానుమని మేము చెప్పుట లేదు. కాని చక్కెరవ్యాధికి కూర్చుండు సుఖము కారణములలో ఒకటియని, నడక చికిత్సలో భాగమని మన పెద్దలు శతాబ్దములకు పూర్వమే గ్రహించినారు.

మా ఇంటి మాట

ఇంతవరకు చెప్పినది పుస్తకములోని మాట. ఇక మా ఇంటి మాట చెప్పుదుము. మా తప్పును దాచి మీకు ధర్మము చెప్పుట న్యాయము కాదు.

మా కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. ఏటా కొన్ని మాసములు మేము వారింట ఉందుము. మనుమడు తొమ్మిదేండ్లకే పురుషసూక్తము తప్పు లేకుండ చెప్పినాడు. మా ఆనందమునకు మేర లేదు. పనస వల్లించినప్పుడెల్ల ఒక మిఠాయి ఇచ్చితిమి. అనువాకము పూర్తియైనచో లడ్డు. సాయంకాలము పిల్లలు క్రింద ఆడుకొనుచు పిలిచినచో, "ఆట తరువాత, చదువు ముందు" అని కూర్చుండబెట్టితిమి. వేదము నేర్పుచున్నామను గర్వమే గాని, ఏమి చేయుచున్నామో మాకు తెలియలేదు. వాని మెడ చుట్టు నల్లని చార కనబడినది. "స్నానము సరిగా చేయవు, మట్టి పోలేదు, బాగుగా రుద్దుకో" అని ఎన్నియో మారులు కోప్పడితిమి. పాపము, ఆ బిడ్డ ఎఱ్ఱబారునట్లు రుద్దుకొనెడివాడు.

వాడు పదునొకండేండ్ల వాడైనప్పుడు మ్రొక్కు తీర్చుటకు తిరుమల వెళ్లి అలిపిరి మార్గమున నడక మొదలుపెట్టితిమి. మొత్తము మెట్లు సుమారు 3,550. మెట్ల పూజ చేయుచు ఒక అవ్వ మమ్ము దాటి పోయినది. మా వాడు రెండువందల మెట్లు దాటకముందే కూలబడినాడు. రొప్పుచున్నాడు. అందరు చూచుచున్నారని ముఖము మోకాళ్లలో దాచుకొన్నాడు. క్రిందికి దించి బస్సులో కొండకు చేర్చితిమి.

తిరిగివచ్చి వైద్యునకు చూపించితిమి. వైద్యుడు ముందుగా మెడను చూచి, "ఇది మట్టి కాదండీ. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు చర్మం ఇలా నల్లబడుతుంది" అన్నాడు. రక్తపరీక్ష చేయించగా, చక్కెరవ్యాధి గడప లోపలికి రాలేదు గాని గడప మీదికి వచ్చి నిలిచినదని తెలిసినది. ఆ రాత్రి మనుమడు మా ప్రక్కన పండుకొని, "తాతయ్యా, మిఠాయిలు తినకూడదంటున్నారు. మీరే కదా ఇచ్చేవారు?" అని అడిగినాడు. నిష్ఠూరముగా అడుగలేదు, తెలియక అడిగినాడు. ఎన్నియో సభలలో ఎన్నియో ప్రశ్నలకు సమాధానము చెప్పిన మాకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు.

ఒంటిమీది మలినమని మేము కోపపడినది, మా ప్రేమ వేసిన మచ్చ. తాతలారా, అమ్మమ్మలారా, నాయనమ్మలారా! ఈ మాట ముఖ్యముగా మనకే. తల్లిదండ్రులు వద్దన్నదానిని కొంగుచాటున, పంచెచాటున పిల్లల చేతిలో పెట్టుట మనకు ముద్దు. ఆ ముద్దునకు వెల చెల్లించునది ఆ పసిదేహము.

లెక్కలు చెప్పు సత్యము

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెరవ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము 2023లో వెల్లడించినది. ఒకప్పుడు నడివయస్సు వారి వ్యాధియని తలచినది నేడు బడిపిల్లలలో కూడ కనబడుచున్నది. ఇంకొక వింత చూడుడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేండ్లలోపు పిల్లలలో అధికబరువు గలవారు 2.1 శాతము నుండి 3.4 శాతమునకు పెరిగినారు. అదే సర్వేలో ఆరు మాసములు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో 67.1 శాతము మందికి రక్తహీనత కలదు. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో 59.1 శాతము మందికి రక్తహీనత. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. ఒక్కొక్కసారి ఈ రెండును ఒకే బిడ్డలో ఉండును. లావుగా ఉన్నాడు గదా, బలముగా ఉన్నాడనుకొనుట పొరపాటు.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహారసూత్రములు పదునేడు ప్రకటించినది. దేశములోని మొత్తము వ్యాధిభారములో 56.4 శాతము సరికాని ఆహారము వలననే యని అందులో చెప్పినది. ధాన్యముల వలన వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదని, పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, పాలు పెరుగవలెనని దాని సారము. మన విస్తరిని తలచుకొనుడు. నడుమ అన్నపు కొండ, మూలన కూర చుక్క. ఆ కొండను తగ్గించి ఆ మూలను పెంచినచో చాలును. దీనికి దూరదేశపు ఫలములు అక్కరలేదు. తోటకూర, మునగాకు, పెసరపప్పు, జామపండు, ఉసిరి, వేరుసెనగలు చాలును. రాయలసీమ రాగిసంగటి, తెలంగాణ జొన్నరొట్టె పేదల తిండియని చిన్నచూపు చూచితిమి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించిన పిదప మనవారే వాటిని అంగళ్లలో అధికధరకు కొనుచున్నారు.

ఇక చక్కెర. 300 మిల్లీలీటర్ల శీతలపానీయపు సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. అనగా ఆరు చెంచాలు. కాఫీలో ఆరు చెంచాల చక్కెర వేసినచో మనము త్రాగగలమా? పిల్లవానికి మాత్రము బహుమానముగా కొనిపెట్టుచున్నాము. ఇందులో పరదేశపు వస్తువులనే నిందించుట న్యాయము కాదు. మన కాజాలు, పూతరేకులు, చేగోడీలు కూడ పండుగనాడు పండుగకే. దినము పండుగ చేసినచో అవియు అట్టివే.

వెన్నదొంగ ఎంత దూరము నడచినాడు?

"కృష్ణుడు వెన్న తినలేదా? మా బిడ్డ తింటే ఏమి?" అని కొందరు తల్లులు అందురు. మంచి ప్రశ్న. పోతనగారి భాగవతములో దశమస్కంధము చదువుడు. ఆ బాలుడు తెల్లవారగనే లేగల వెంట అడవికి పోయెను. ఆ దారిలో గోపబాలురు ఆడని ఆట లేదు. పరుగులు, గంతులు, పక్షుల నీడల వెంట పరుగెత్తుట, కప్పలతో పాటు దుముకుట. ఎండ ఎక్కిన పిదప నీటి ఒడ్డున గుండ్రముగా కూర్చుండి, ఇంటినుండి తెచ్చిన చల్దులు విప్పి, ఊరగాయ ముక్కలు వ్రేళ్ల నడుమ ఇరికించుకొని, ఒకరిది ఒకరికి పెట్టుచు నవ్వుచు తినినారు. యజ్ఞభోక్తయైన స్వామి చల్దిని భుజించుట చూచి దేవతలు ఆశ్చర్యపడిరట. అంత నడచినవాడు, అంత ఆడినవాడు, అందరితో కలసి పంచుకొన్నవాడు తినిన వెన్న అది. వెన్నను మాత్రము గ్రహించి, లేగల వెంట నడకను విడిచినచో మనము గ్రహించినది కృష్ణలీలలో సగమే.

మా పాఠశాల దినములు ఇట్లే ఉండెడివి. నాలుగు గంటలకు లేచి కాలువలో స్నానము, సంధ్యావందనము, గోవులకు గడ్డి, సమిధలు ఏరుట, బావినుండి నీరు తోడుట. వారములు చెప్పుకొని ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంట భోజనము. గృహిణి పెట్టినది కన్నుల కద్దుకొని తినెడివారము. ఆదివారము అరుణము పారాయణ చేయుచు, ఒక్కొక్క పనసకు ఒక్కొక్క సూర్యనమస్కారము చేసెడివారము. వ్యాయామమను మాట మేము వినలేదు. వ్రతమనియే చేసితిమి. అయితే ఆ కాలమంతయు బంగారమని చెప్పుట అసత్యము. ఆకలి ఉండెను, అంటువ్యాధులు ఉండెను, పోషణ లేక పోయిన బిడ్డలు ఉండిరి. ఆడపిల్లలకు ఆట అట్లతద్ది ఉయ్యాలతోను, బతుకమ్మతోను ముగిసెను. ఇంటిల్లిపాది తినిన పిదప అడుగు మిగిలినదే తల్లికి, కూతురికి. ఇది శాస్త్రమని కొందరనుకొనిరి. శాస్త్రము అట్లు చెప్పలేదు. కొత్తకోడండ్రకు, కన్యలకు, రోగులకు, గర్భవతులకు అతిథులకంటెను ముందుగా పెట్టుమని మనుస్మృతి మూడవ అధ్యాయము విధించినది. ఆడపిల్లలలో సగము మందికి పైగా రక్తహీనత ఉన్నదని విన్న తరువాతనైనను ఈ విధిని జ్ఞాపకము చేసికొనవలెను. అన్నకు పెట్టిన పాలు, గ్రుక్కెడైనను తగ్గక, చెల్లెలికి పెట్టుడు. అన్న ఆడుకొనునంత సేపు ఆమెను ఆడుకొననిండు.

ఐదు ఆహుతులు, ఐదు నియమములు

భోజనారంభమున ఐదు ప్రాణాహుతులు ఇత్తుము గదా! ఆ ఐదింటికి ఐదు నియమములు మా ఇంట పెట్టుకొంటిమి. వాటిని మీకును నివేదించుచున్నాము.

మొదటిది: దినమున ఒక పూటయైనను ఇంటిల్లిపాది కలసి కూర్చుండి భుజింపవలెను. టెలివిజను, సెల్‌ఫోను ఆ గదిలో ఉండరాదు. ఈ నియమము మొదట తప్పినవాడు మనుమడు కాడు, మా కుమారుడు. పెద్దవాడు దేనిని ఆచరించునో దానినే లోకము అనుసరించునని గీతాచార్యుడు చెప్పినది ఇంటికి కూడ వర్తించును. తండ్రి ఫోను గూటిలో పెట్టిన దినమే పిల్లవానిది గూటికి చేరినది.

రెండవది: సాయంకాలము ముందు ఆట, పిదప తిండి, ఆ పిదప చదువు. ఐదు మొదలు పదునేడేండ్ల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములు ఊపిరి వేగమగునట్లు ఆడుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చెడుగుడు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు, దేనినైనను ఆడనిండు. ఇంటిపని కూడ ఇందులోనిదే. తులసికి నీరు, ముగ్గు, అంగడినుండి కూరలు తెచ్చుట.

మూడవది: తినుబండారమును బహుమానముగాను, తిండి మానిపించుటను శిక్షగాను వాడరాదు. పద్యము అప్పగించిన బిడ్డకు బంతి కొనియిండు, కథ చెప్పుడు, కౌగిలించుకొనుడు. కడుపు నిండినదన్న బిడ్డకు "ఇంకొక్క ముద్ద" అని బలవంతము చేయకుడు. లావైన బిడ్డను నలుగురిలో ఎగతాళి చేయకుడు. అది హింస. హింస వలన ఆరోగ్యము రాదు.

నాలుగవది: ఉపవాసము పెద్దలది, పిల్లలది కాదు. పెద్దలు చేయునదైనను నిజముగా ఉపవాసము కావలెను. ఫలములే ఆహారముగా గలది ఫలాహారము. అది మన నోట పలహారమై, పలహారము పూరీయు గారెయు ఐనది. ఏకాదశినాడు అన్నము మాని నూనెలో మునిగినచో దానికి ఉపవాసమను పేరు తగదు.

ఐదవది: ప్రసాదము కణమైనను పూర్ణము. ప్రసాదమును కాదనరాదు, నిజమే. కాని పరిమాణముతో పవిత్రత పెరుగదు. కన్నుల కద్దుకొని చిటికెడు స్వీకరించి తక్కినది ఇతరులకు పంచిన పుణ్యము తక్కువ కాదు.

ఈ ఐదవ నియమముతో పాటు ట్రస్టు పెద్దలకు ఒక మనవి. లడ్డును చిన్నది చేయుడు. వారమున కొన్ని దినములైనను గుగ్గిళ్లు, వడపప్పు, పండ్లు ప్రసాదముగా పెట్టుడు. శ్రీరామనవమికి నానిన పెసరపప్పు, వినాయకచవితికి ఆవిరి కుడుము, సంక్రాంతికి నువ్వులు నివేదించిన సంప్రదాయము మనది. కనుక ఇది కొత్త కాదు. మరియొకటి. అపార్టుమెంట్ల పిల్లలకు ఆడుకొనుటకు చోటు లేదు. సాయంకాలము ఒక గంట ఈ ప్రాంగణమును వారికి విడువుడు. కోలాటము నేర్పింపుడు. వారి కేకలు స్వామికి విసుగు కలిగింపవు. గోపబాలుర నడుమ పెరిగినవాడు గదా!

చిక్కుడాకు

మా మనుమని సంగతి చెప్పి ముగింతుము. వైద్యుడు ఆ దినమున, "ఇది పిల్లవాడొక్కడు పాటించే పథ్యం కాదు, ఇల్లంతా పాటించాలి" అన్నాడు. అట్లే చేసితిమి. మేము కాఫీలో చక్కెర మానితిమి. మా కోడలు ఉద్యోగమునుండి వచ్చిన పిదప వానితో షటిల్ ఆడుచున్నది. మా కుమారుడు వారాంతమున వాని చేయి పట్టుకొని నడచుచున్నాడు. ఉదయము మేము వానికి సూర్యనమస్కారములు నేర్పితిమి. మొదటి దినము ఆరింటికే చతికిలబడినాడు. మేము కోప్పడలేదు. మాకు చేతనైనంత మేమును వానితో చేసితిమి. మధ్యలో తప్పిన దినములు ఎన్నియో ఉన్నవి. దొంగచాటుగా తినిన చాక్లెట్లును ఉన్నవి. తప్పిన మరునాడు మరల మొదలుపెట్టితిమి.

ఏడాదిన్నర తరువాత మరల అలిపిరికి వెళ్లితిమి. ఈమారు రొప్పినది మేము. గాలిగోపురము వద్దకు చేరునప్పటికి వాడు మాకంటె ముందే పోయి అరుగు మీద కూర్చుండి, నీళ్ల సీసా పట్టుకొని ఎదురుచూచుచున్నాడు. "తాతయ్యా, మెల్లగా రండి" అన్నాడు. రక్తపరీక్షలో అంకె కొంత దిగినది. పరీక్షలు ఇంకను మానలేదు, మానకూడదు. మెడమీది నలుపు పూర్తిగా పోలేదు. దానిని చూచినప్పుడెల్ల మా తప్పు మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. రావలసినదే.

ఇందాక "ఇంత కొంచెమేనా?" అని అడిగిన చిరంజీవీ! నీవిక్కడనే ఉన్నావు గదా. నాయనా, అది కొంచెము కాదు. ఆకు ఎంత పట్టునో అంత. ఇప్పుడు స్వామి చుట్టు పదునొకండు ప్రదక్షిణములు పరుగున చేసి రా. నీ చెల్లెలిని కూడ తీసికొనిపో. తిరిగివచ్చిన పిదప ఆకలి వేసినచో అమ్మ నడిగి కడుపునిండ అన్నము తినుము. ముందు అగ్ని, పిదప హవిస్సు.

తల్లిదండ్రులారా! మీరును లేచి వారి వెంట నడువుడు. ప్రత్యక్షదైవమైన సూర్యనారాయణమూర్తి మీ బిడ్డలకు ఆరోగ్యమును, దీర్ఘాయువును, ధర్మబుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.